కిరసనాయిలు వాసన

గుడివాడ రైసుమిల్లు ఈశ్వరప్రసాద్ గారికి దేనికీ లోటు లేదు, ఊరి జనం నోళ్ళు తెరుచుకుని తనని చూడడం లేదన్నదొక్కటే లోటు. ఊళ్ళో అప్పటికే పదకొండు అంబాసిడర్లున్నాయి, ఆయనది పన్నెండోది. పన్నెండోదాన్ని ఎవడు చూస్తాడు? అందుకని ఉప్పెన వచ్చిన రెండో ఏడు మద్రాసు వెళ్ళి, ఏదో దేశపు రాయబారి వదిలేసి పోయిన జపాను కారు వేలంలో పాడుకుని తెచ్చారు. బత్తాయిపండు రంగు, రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి పాక్కుంటూ దూరాలి. ఆయన భార్య హైమావతి గారు ఒక్కసారి దూరారు. ఆవిణ్ణి బయటికి తీయడానికి ఇద్దరు కావలసి వచ్చింది. మళ్ళీ ఆవిడ ఆ కారు వైపు చూడలేదు, ఊరు మాత్రం చూసింది. ప్రసాద్ గారికి కావలసింది అదే.

నేను బందరు కోనేరు సెంటరు దగ్గర మోటారు షెడ్డు నడుపుతాను. పేరు బషీర్. చప్పుడు విని రోగం చెప్పేస్తాడని కృష్ణా జిల్లాలో నాకు పేరుంది. ఆ పేరు మొదట నేనే పెట్టుకున్నాను, తర్వాత జనం అలవాటు పడ్డారు. ఇరవై రెండేళ్ళలో నా నోటి వెంట రాని మాట ఒకటుంది, "తెలీదు" అని. మా ఆవిడ షరీఫా అయితే, "ఆ ఒక్క మాటా అంటే నీ పళ్ళు రాలిపోతాయా?" అంటుంది. రాలవు గానీ, రాలతాయేమోనని అనుమానం.

ఊరంతా చూస్తే కారుకి దిష్టి తగలదా మరి. మద్రాసు నుంచి వస్తూనే ప్రసాద్ గారు మోపిదేవిలో పూజ చేయించారు. అది చాలదన్నట్టు ఊళ్ళో జ్యోతిష్యుడొకాయన మండలం పాటు రోజూ పొద్దున్నే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, యజమాని తన చేత్తోనే తొక్కించాలని చెప్పాడు. ప్రసాద్ గారు స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, స్టీరింగు ముందు కూర్చునేవారు. చోకు లాగి స్టార్టు చేసేవారు. నాలుగడుగులు ముందుకు. నిమ్మకాయలు పచక్కుమనేవి. ఆపేసి ఇడ్లీలకు వెళ్ళిపోయేవారు. ఆయనకు వచ్చిన డ్రైవింగు కూడా సరిగ్గా ఆ నాలుగడుగులే.

మిగతాదంతా దేవదానానిది. అతనిది కోడూరు. ఉప్పెనలో తల్లినీ, ఇంటినీ, ఇంట్లో ఉన్న నాలుగు గిన్నెలనీ సముద్రం పట్టుకుపోయింది. డ్రైవింగు లైసెన్సు చొక్కా జేబులో ఉండి మిగిలింది. నీళ్ళకు ఉబ్బిపోయి, అక్షరాలు చెదిరిపోయిన ఆ కాగితం చూపించే మిల్లులో పనికి కుదిరాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఆ కాగితం. అంతే అతని ఆస్తి.

మార్గశిరం మంచులో పందొమ్మిదో రోజు నిమ్మకాయలు నలిగాయి. అన్నాళ్ళూ ఎలాగో అంటుకున్న కారు, ఆ మధ్యాహ్నం బయటికి వెళ్దామంటే స్టార్టు కాలేదు. ఎంత తిప్పినా గిర్రుమనడమే గానీ అంటుకోదు. గుమస్తా చంద్రమౌళి గారిని బస్సెక్కించి నా కోసం పంపారు.

నేను వెళ్ళేసరికి మిల్లు వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. బానెట్టు ఎత్తి చూశాను. ఇంజనుండాల్సిన చోట పులిహోర గంగాళమంత ఇనుప డబ్బా ఒకటుంది. సిలిండర్లు ఎక్కడ? వాల్వులు ఎక్కడ? ప్లగ్గులు నాలుగున్నాయి, అవీ పక్కన ఒకదాని మీద ఒకటి, గోడకు కొట్టిన మేకుల్లాగా. జన్మలో అలాంటిది చూడలేదు. చూడలేదని ఎవరికైనా చెప్పానా? ఊహూఁ. "అలాగా" అన్నాను, మా మేనమామ కొడుకు కనిపించినట్టు.

ఒక ప్లగ్గు ఊడదీశాను. పెట్రోలు కారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆ కళ్ళు మూసుకోవడం నా వ్యాపారంలో సగం.

అప్పుడు దేవదానం వెనక నుంచి మెల్లగా అన్నాడు. "చల్లటి ఇంజను నాలుగడుగులు నడిపి ఆపెయ్యకూడదంటండీ. లోపల పెట్రోలు నిండిపోద్దంట. స్టార్టు చేస్తే వేడెక్కేదాకా తిప్పాలని మద్రాసులో ఈ బండి పాత డ్రైవరు చెప్పాడండి. అయ్యగారికి మొదటి రోజే చెప్పాను."

"నాలుగు నిమ్మకాయల కోసం నాలుగు మైళ్ళు తిరగాలా? పెట్రోలు మీ బాబు పోస్తాడా?" అన్నారు ప్రసాద్ గారు.

"డ్రైవరే చెప్పాడా?" అన్నాను నేను. "అయితే మెకానిక్కులం షెడ్లు మూసుకుని చేపలు పట్టుకోవాలి." అందరూ నవ్వారు. నాకు బలం వచ్చింది. ప్లగ్గు ఇంకోసారి వాసన చూసి, "పెట్రోల్లో కిరసనాయిలు కలిసింది" అన్నాను.

ఎందుకన్నాను? ఏదో ఒకటి అనాలి గనక అన్నాను. ఇరవై జతల కళ్ళు నా మూతి వైపే చూస్తున్నాయి గనక అన్నాను. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే జనం, కిరసనాయిలంటే ఊరుకుంటారా? పెట్రోలు పోయించేది ఎవరు? డ్రైవరు. పెట్రోలు తీసి అమ్ముకుని ఆ మేరకు కిరసనాయిలు పోసేది ఎవరు? ఇంకెవరు. నా వాక్యం పూర్తయ్యేలోపే తీర్పు వచ్చేసింది. ప్రసాద్ గారు తాళాలు లాక్కుని దేవదానాన్ని గేటు బయటికి పంపేశారు. అతను గేటు దాటుతూ నా వైపు ఒకసారి చూశాడు. నేను ప్లగ్గు తుడుచుకుంటున్నాను.

కలిసిందన్నాను గానీ అతనే కలిపాడని అన్నానా? కొన్నాళ్ళు ఆ సాకు పట్టుకుని హాయిగా అన్నం తిన్నాను.

టాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోశాం. కారు కదల్లేదు. బాటరీ మార్చాం. కదల్లేదు. విజయవాడ నుంచి ఇద్దరు మెకానిక్కులొచ్చి, నాలాగే కళ్ళు మూసుకుని, నాలాగే తలాడించి, నాలాగే కాఫీ తాగి పోయారు. పదిరోజులు గడిచాయి. ప్రసాద్ గారి కబురు మీద కబురు. "చప్పుడు విని చెబుతావట కదయ్యా, చప్పుడే లేకపోతే ఏం చెబుతావు?" అని చివరి కబురు. ఆ వెటకారం నాకు చురుక్కుమంది. ఆ ఇంజను గురించి ఒక్క ముక్కైనా తెలిసినవాడు జిల్లాలో ఒక్కడే ఉన్నాడని తెలుసు. సిగ్గు చంపుకుని కోడూరు బస్సెక్కాను.

దేవదానం కోడూరులో ఒక కళ్ళం దగ్గర ధాన్యం బస్తాలు మోస్తున్నాడు. డ్రైవరు పని దొరకలేదా అని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా లారీ వాళ్ళందరికీ తెలిసిపోయిందండి," అన్నాడు. "దేవదానం అంటే కిరసనాయిలు దేవదానమేనా అంటున్నారు. స్టీరింగు ఎవరూ ఇవ్వట్లేదు."

కారు సంగతి అడిగాను. చెప్పడేమో అనుకున్నాను. బస్తా దింపి, చేతులు దులుపుకుని, పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ ఇంజనులో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్లు లేవట. మూడు మూలల ఇనప దిమ్మ గుండ్రంగా తిరుగుతుందట. దాని మూలలు డబ్బా గోడకు ఆనుకుని ఉండాలంటే మధ్యలో నూనె పొర ఉండాలి. చల్లగా ఉండగా స్టార్టు చేసి వెంటనే ఆపితే పెట్రోలు నిండిపోయి ఆ నూనెని కడిగేస్తుంది. ఇక లోపల గాలి నిలవదు, ఇంజను ఊపిరి పట్టదు. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు రాకుండా గొట్టం ఊడదీసి, లోపలిదంతా చిమ్మేదాకా తిప్పాలి. తర్వాత ఒక్కో కంతలో చెంచాడు ఇంజనాయిలు పోసి, ప్లగ్గులు కాల్చి బిగించి, బండిని లాగించాలి.

"మొన్న ప్లగ్గు వాసన చూశారు కదండీ," అన్నాడు అంతా చెప్పాక. "కిరసనాయిలు వాసన వచ్చిందా మీకు?"

"రాలేదు."

"మరి?"

నేను కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాను. నలభై ఆరేళ్ళవాణ్ణి.

"నాకేం వద్దండి," అన్నాడు. "అప్పుడెవరి ముందు అన్నారో వాళ్ళ ముందే ఈ మాట అనండి. రాలేదని. నేను వచ్చి గేటు దగ్గర నిలబడతాను."

మర్నాడు మిల్లులో పని మొదలుపెట్టాను. ప్లగ్గులు తీసి తిప్పితే కంతల్లోంచి పెట్రోలు మేఘంలా ఎగిరింది. చెంచాతో నూనె పోశాను. ప్లగ్గులు మిల్లు వాళ్ళ టీ పొయ్యి మీద కాల్చి బిగించాను. ట్రాక్టరుకు మోకు కట్టి లాగించాం. బజారు చివరికి వెళ్ళేసరికి దగ్గింది, తుమ్మింది, ఇంకో వంద గజాలకు అంటుకుంది. లేచిన తెల్లపొగకి గుడివాడ సగం కనపడలేదు. తిప్పుకుని వాకిట్లోకి తెచ్చేసరికి ఇంజను కుట్టుమిషనులా పాడుతోంది. జనం ఇరవై కాదు, యాభై అయ్యారు. దేవదానం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కిరసనాయిలు కలవలేదు," అన్నాను గట్టిగా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ రోజు నాకా వాసన రాలేదు. నాకీ ఇంజను తెలీదు. తెలీదని చెప్పడం నామోషీ అనిపించి అబద్ధమాడాను. దేవదానం తప్పు ఏమీ లేదు. బండి బాగుచేసే దారి చెప్పింది కూడా అతనే."

ఇరవై రెండేళ్ళు దాచుకున్న మాట అది. పళ్ళు రాలలేదు.

చంద్రమౌళి గారు ముందుగా తేరుకున్నారు. "చూశారండీ, ఎంత పెద్ద మనసో. పేదవాడి పొట్ట కొట్టడం ఇష్టం లేక నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు," అన్నారు.

"అది కాదండీ..." అన్నాను.

"ఊరుకోవయ్యా బషీరూ," అన్నారు ప్రసాద్ గారు, భుజం తడుతూ. "నీకు తెలియని ఇంజనా? మరి ఇది ఎలా బాగైంది?"

చచ్చాను. బాగుచేయడమే నా అబద్ధానికి సాక్ష్యమైంది. అయినా వదలలేదు. "రేపు పొద్దున్న మీరే నిమ్మకాయలు తొక్కించండి. రోజూ ఎలా చేస్తారో అలాగే. అప్పుడు మీకే తెలుస్తుంది," అన్నాను. రోజూ చేసే పనే గనక ఒప్పుకున్నారు. ఆ రాత్రి నేనూ దేవదానమూ మిల్లు అరుగు మీదే పడుకున్నాం.

పొద్దున్నే నిన్నటి యాభై మందీ మళ్ళీ చేరారు, పట్టుపంచె వచ్చింది. చోకు, స్టార్టు, నాలుగడుగులు, పచక్, ఆపు. ఇడ్లీలు తినే అరగంటా నేను కారు పక్కనే నిలబడి ఉన్నాను. నా చేత్తో బాగుచేసిన బండి స్టార్టు కాకూడదని అల్లాకు మొక్కుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చి తాళం తిప్పారు. గిర్రుమంది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పారు. అంతే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. దేవదానం మొహంలో పదిరోజుల తర్వాత వెలుగు చూశాను.

"చూశారు కదండీ," అన్నాను. "ఈ పెట్రోలు మీరు పోయించింది. అతను తాకనైనా లేదు. నిన్న శుభ్రంగా నడిచిన బండి, చల్లగా ఉండగా నడిపి ఆపగానే ఆగిపోయింది."

ప్రసాద్ గారు కారును చూశారు. నన్ను చూశారు. నలిగిన నిమ్మకాయలను మాత్రం చూడలేదు. అవి చూస్తే పందొమ్మిది రోజులు పట్టుపంచె కట్టుకుని తన కారును తానే పాడుచేసుకున్నానని ఒప్పుకోవాలి. అది జరిగే పని కాదు. నిట్టూర్చి, తల పంకించి, అందరికీ వినపడేలా అన్నారు.

"ఒకసారి కిరసనాయిలు తాగాక ఇంజను ఇక అంతేనయ్యా. ఎంత పని చేశాడు వెధవ."

యాభై తలలూ ఊగాయి. నేను అరిచాను, ఒట్టు పెట్టాను, ప్లగ్గు ఊడదీసి అందరి ముక్కుల దగ్గరా పెట్టాను. ఒక్కొక్కరే వాసన చూశారు. ఒక్కొక్కరే, "కొద్దిగా వస్తోంది" అన్నారు.

బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. మా షెడ్డుకి రా, పని నేర్పుతానన్నాను.

"పని నేనే కదండీ మీకు నేర్పింది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. అవనిగడ్డ బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ప్రసాద్ గారు మళ్ళీ కబురు పెట్టారు. అంబాసిడరుకి నమ్మకమైన డ్రైవరు కావాలట, నా మాట మీద ఎవరినైనా పెట్టుకుంటారట. దొంగని కూడా వెనకేసుకొచ్చిన మనిషి అబద్ధమాడడని ఊరంతా అనుకుంటోందట. నేను దేవదానం పేరు చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, నాకు కాఫీ తెప్పించారు.

దేవదానం కోడూరులో బస్తాలే మోస్తున్నాడు. నేను ఆ వైపు బస్సెక్కడం మానేశాను.