ఇత్తడి పలకకు రెండో వైపు

గుమ్మాలకు పేర్ల పలకలు చెక్కే ఆయన సొంత పేరు ఆ వీధి ఎప్పుడో మర్చిపోయింది. అందరికీ ఆయన అవునండీగారు. కొట్లోకి వచ్చినవాళ్ళు ఏమన్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే మరి. బతుకంతా ఊరి పేర్లు చెక్కినవాడికి ఇంతకంటే మంచి పేరు దక్కకపోవడం అన్యాయమే గానీ, తప్పు ఆయనదే.

ఒకప్పుడు జనం పేరు చిన్నగా, డిగ్రీలు పెద్దగా చెక్కించుకునేవారు. "చదువే కదండీ మనిషికి విలువ!" అనేవారు. "అవునండీ," అనేవాడు. తర్వాత గాలి మళ్ళింది. పట్టాలున్న పిల్లలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, ఫ్రిజ్‌లు బాగుచేసే కుర్రాడు మేడ మీద మేడ కట్టాడు. దాంతో డిగ్రీ చెప్పుకోవడమే నామోషీ అయిపోయింది. ఇత్తడి మీద లోతుగా చెక్కిన అక్షరం చెరపడం కష్టం కాబట్టి, ఆయన పలక తిప్పి వెనకవైపు ఒట్టి పేరు చెక్కి ఇచ్చేవాడు. "చదువులు దండగండీ!" "అవునండీ." ఆ మధ్య మళ్ళీ ఉద్యోగాలకు పట్టా ఉండాలన్నారని పుకారు పుడితే సగంమంది పలకలు తిప్పించుకున్నారు. పక్కవీధి లెక్చరర్‌గారి పలకైతే తిరిగి తిరిగి స్క్రూలు వదులైపోయి, తలుపు వేసినప్పుడల్లా గలగలమంటుంది.

కొట్టు వెనక ఒక తెర, తెర వెనక ఇల్లు. అక్కడ ఆయన భార్య, యాభై దాటాక, చరిత్రలో ఎం.ఏ. చదివింది. కుక్కర్ కూతల మధ్య రాజులనూ యుద్ధాలనూ బట్టీపట్టింది. తప్పింది, మళ్ళీ రాసింది, చివరికి గట్టెక్కింది.

"ఏమండీ, మన గుమ్మానికి నా పేరుతో ఓ పలక చెక్కిపెట్టరూ," అని అడిగింది.

ఆయన మంచి ఇత్తడి ఏరి, అంచుకు పూలతీగ కూడా వేసి, మురిసిపోతూ తెచ్చి చేతిలో పెట్టాడు. పేరుంది. ఎం.ఏ. లేదు.

"ఇప్పుడెవరూ వేయించుకోవట్లేదు. ఒట్టి పేరైతేనే హుందాగా ఉంటుంది," అన్నాడు, కొట్లో చెప్పినట్టే.

"వాళ్ళ సంగతి నాకెందుకు? మీరేమనుకుంటున్నారు?"

అవునండీగారు నోరు తెరిచాడు. అవుననడానికి అక్కడ ఏమీ లేదు. ఎంత వెతుక్కున్నా సొంత అభిప్రాయమన్నది ఒక్కటీ తగల్లేదు పాపం.

ఆమె పలక తీసుకెళ్ళి, పేరు గోడవైపుకీ, బోడివైపు వీధివైపుకీ పెట్టి బిగించేసింది. పేర్లు చెక్కేవాడి గుమ్మానికి బోడి పలక! వీధి వీధంతా నవ్వుకుంది. ఆ నవ్వులైనా భరించాడు గానీ, ఆమె మౌనానికి మాత్రం ఆయనకు ముద్ద దిగలేదు. ఇన్నాళ్ళూ తెర ఇవతల తను 'దండగ'కు వంతపాడుతుంటే, తెర అవతల పుస్తకం ముందేసుకున్న మనిషి అంతా వింటూనే ఉందని అప్పటికి గానీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు పలక ఊడదీసి బోడివైపు ఉలి పెట్టాడు. పేరు అయింది, ఎం.ఏ. కూడా అవుతోంది. అంతలో తన పలక చంకన పెట్టుకుని లెక్చరర్ దిగాడు.

"ఎవరికండీ ఈ ఎం.ఏ.? ఎవరో పనీపాటా లేనివాళ్ళయి ఉంటారు. చదువుకి విలువెక్కడుంది ఈ రోజుల్లో?"

"కాదండీ."

అలవాటు లేని మాట కావడంతో గొంతు కీచుమంది.

"ఏమిటి కాదు?"

"మీరన్నది కాదు. ఇది మా ఆవిడది. ఎవరి మెప్పుకోసమో కాదు, తెలుసుకోవాలని చదివింది. నాకు గర్వంగా ఉంది. మీ పలక మీరే తిప్పుకోండి, స్క్రూడ్రైవర్ అదిగో."

లెక్చరర్ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. తెర కదిలింది. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆయన తలెత్తలేదు.

"ఆయనతో ఏమన్నారు?"

"విన్నావుగా."

"విన్నాను. మళ్ళీ చెప్పండి."

ఆయన వీధివైపు చూశాడు. ఎదుటి కొట్టువాళ్ళు చెవులు రిక్కించి ఉన్నారు. గొంతు సవరించుకుని, వాళ్ళకూ వినపడేలా, మళ్ళీ చెప్పాడు.