ఉడికిన ఎముక

హనుమంతరావు ఇంట్లో కుక్క కోసం ఫ్రిజ్ కొన్నరోజే ప్రేమకుమారికి ఒళ్లు మండింది. ఒళ్లు మండిందని పని మానుకునే పరిస్థితి మాత్రం ఆమెకు లేదు. భర్త ఇమ్మానుయేలు తాపీమేస్త్రీల వెనక కూలి. పిలిస్తే పని, పిలవకపోతే మంచం. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఎదురెదురుగా ఉన్న రెండిళ్లలో ఆమె పాచిపని చేస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఒకటి సిమెంటు దుకాణం హనుమంతరావుది. రెండోది సుచరిత టీచరుది. అందుకని ఆరోజు కోపాన్ని దిగమింగి, గిన్నెలు తోమి ఇంటికి పోయింది.

హనుమంతరావు ఇల్లు అలాంటిలాంటి ఇల్లు కాదు. గుడ్డును గుడ్డు అనడానికి కూడా నోరురాక ‘అది’ అంటారు. ప్రేమకుమారి పనిలో చేరిననాడు ఇంటావిడ రాజ్యలక్ష్మి మొట్టమొదట మాట్లాడింది జీతం గురించి కాదు, టిఫిన్ బాక్సు గురించి.

“నీ బాక్సు గేటు లోపలికి తేవద్దు ప్రేమా. మీరు ఏమేమో తింటారు. గోడ మీద పెట్టి రా.”

అప్పటినుంచి ఆ బాక్సు గోడ మీదే. అందులో ఉండేది చాలారోజులు పప్పూ పచ్చడే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వండిన కోడికూర మిగిలితే సోమవారం బాక్సులో నాలుగు ముక్కలు ఉండేవి, అంతే. కానీ ఆ ఇంటివాళ్లు మూత తీసి చూసేదీ లేదు, ఏముందని అడిగేదీ లేదు. ప్రేమకుమారి బాక్సు అంటే చాలు, అది మాంసమే. ఎండాకాలంలో గోడ మీద అన్నం పులిసిపోయేది. మధ్యాహ్నం ఆమె ఆ బాక్సు తీసుకుని వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చుని తినేది. పులిసిన అన్నం తిన్న కడుపుతోనే తిరిగొచ్చి వాళ్ల వంటపాత్రలు తోమేది. ఆ చేతులు మాత్రం గేటు దాటి లోపలికి రావచ్చు.

ఇక ఆ ఇంట్లో బ్రౌనీ అనే కుక్క ఉంది. హనుమంతరావు కొడుకు తరుణ్ తెచ్చుకున్న లాబ్రడార్. పెరుగన్నం మీద, సంచీల్లో వచ్చే కుక్కతిండి గోలీల మీద పెరిగింది. దానికి దురద పట్టుకుంది. రాత్రీపగలూ గోక్కుని గోక్కుని వీపు మీద బొచ్చు ఊడింది. మందులు వాడారు, షాంపూలు మార్చారు, తగ్గలేదు. తరుణ్ ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఒకనాడు భోజనాల దగ్గర తండ్రికి తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

“కుక్కంటే తోడేలు జాతి నాయనా. పచ్చిమాంసమే దాని అసలు తిండి. మనం గోలీలు పెట్టి పాడుచేసినాం.”

హనుమంతరావు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. గిన్నెలు సర్దుతున్న ప్రేమకుమారి, ఇప్పుడు ఇల్లు దద్దరిల్లుతుందని అనుకుంది. ఏమీ దద్దరిల్లలేదు. ఆయన కాసేపు ఆలోచించి, “మూగజీవం. దానికోసం తప్పదంటే ఏం చేస్తాం. వెనక గదిలో పెట్టుకోండి,” అన్నాడు.

మూగజీవానికి మాంసం గదిలోకి వచ్చింది. నోరున్న జీవం బాక్సు మాత్రం గోడ మీదే ఉండిపోయింది.

అట్లా వెనక గదిలోకి చిన్న ఫ్రిజ్ వచ్చింది. ఇప్పుడు ఆ మాంసాన్ని ముట్టేదెవరు? తరుణ్ వీడియోల్లో చూసిన మాంసం వేరు, కళ్లముందు నెత్తురు కారే మాంసం వేరు. మొదటిరోజే కవరు విప్పి, మూతి తిప్పుకుని బయటికి వచ్చేశాడు. ముగ్గురూ కలిసి ప్రేమకుమారి వైపు చూశారు.

“నీకు అలవాటే కదా,” అంది రాజ్యలక్ష్మి.

అలవాటే. కాదని ఎట్లా అంటుంది? రోజూ పొద్దున్నే మాంసం కడిగి, కోసి, ఉదయానికి ఒక డబ్బా, సాయంత్రానికి ఒక డబ్బా సర్దడం ఆమె పనుల్లో కలిసింది. మొదట గోలీల్లో కొంచెం కలిపి పెట్టమన్నాడు తరుణ్. తర్వాత కొంచెం కొంచెంగా గోలీలు తగ్గించి మాంసం పెంచమన్నాడు. లివరు, కోడి మెడలు, రెక్కలు. “ఎముక పచ్చిదే పెట్టాల ప్రేమక్కా. ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటాది. అది మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు,” అని గట్టిగా చెప్పాడు. ఆమెకొక్కదానికే చెప్పాడు. మాంసం ముట్టేది ఆమె ఒక్కతే కదా, ఇంకెవరికి చెప్పాలి? సాయంత్రం ఆమె పోయాక ఆ రెండో డబ్బాను కుక్క గిన్నెలో వంపే పని రాజ్యలక్ష్మిది. చెయ్యి తగలకుండా, పొడుగు గరిటెతో.

కుక్కకు దురద తగ్గింది. బొచ్చు మళ్లీ వచ్చి నిగనిగలాడింది. ప్రేమకుమారికి కుక్క మీద కోపం లేదు. అదేం చేసింది పాపం. ఆమె గదిలోకి అడుగుపెడితే తోక ఊపుతూ కాళ్లకు అడ్డం పడేది. ఆ ఇంట్లో ఆమె రాకకు సంతోషించిన ప్రాణి అదొక్కటే.

ఇట్లా కొన్నాళ్లు జరిగాక ఒక మంగళవారం పొద్దున ఆమె పనికి వచ్చేసరికి గేటు గడియ వేసి ఉంది. గేటు వెనక తరుణ్, తండ్రి నిలబడి ఉన్నారు. తరుణ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని చేతిలో కాగితం, అందులో సూదిగా చీలిన చిన్న ఎముక.

“రాత్రి బ్రౌనీ గొంతులోంచి తీసినారు ఇది. సచ్చి బతికింది. డాక్టరు చూసి, ఇది ఉడికిన కోడి ఎముక అన్నాడు. నిన్న నీ బాక్సులో ఏముండె?”

“కోడికూర బాబూ. ఆదివారానిది మిగిలింటే తెచ్చుకున్నా.”

“ఆ ఎముకలు యాడేసినావు?”

“ఆడనే, దిమ్మె కాడ. ఎప్పుడూ ఏసే చోటే. కుక్కకు నేనెందుకేస్తా? వెయ్యొద్దని మీరే చెప్పినారు కదా.”

“మా ఇంట్లో మాంసం వండేవాళ్లు లేరు,” అన్నాడు హనుమంతరావు. గొంతు వీధి వీధంతా వినపడింది. “వండింది తెచ్చేది నువ్వొక్కదానివే. చిన్నపిల్లోడికైనా అర్థమైతాది. మూగజీవాన్ని చంపబోయినావు.”

ఎదురింటి గుమ్మంలో సుచరిత బడికి తయారై నిలబడి వింటోంది. తలుపు చాటున రాజ్యలక్ష్మి చీర కనిపించింది. ప్రేమకుమారికి ఒక ఆశ పుట్టింది. ఇన్నాళ్లూ బాక్సును గేటు దాటనివ్వని మనిషే కదా, అది దాటలేదని చెప్పడానికి ఆమెకన్నా సాక్షి ఎవరు?

“అమ్మా, మీరన్నా చెప్పండి. నా బాక్సు ఏపొద్దయినా లోపలికొచ్చిందా?”

రాజ్యలక్ష్మి తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

“ఇంక రావద్దు,” అన్నాడు హనుమంతరావు.

రోడ్డు దాటి రెండో ఇంటికి వెళితే సుచరిత గుమ్మంలోనే ఆపింది. “కొన్నాళ్లు ఆగు ప్రేమా. మా పాపకు గూడా ఏమన్నా పెడతావేమోనని మా అత్త భయపడతాంది,” అంది నేల చూపులు చూస్తూ.

ఆ పాప చంకలో ఉన్నప్పటినుంచి ప్రేమకుమారి చేతి ముద్దలు తిన్నది. ఇంటికి పోయి మంచం మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, వస్తే బాగుండుననిపించింది.

“ఇంకో ఇల్లు చూసుకుందాంలే,” అన్నాడు ఇమ్మానుయేలు.

“యాడికి పోయినా కుక్కకు ఎముకేసిన మనిషి వచ్చిందంటారు. పిల్లలున్న ఇంట్లో ఎవరు రానిస్తారు నన్ను? పని పోతే ఇంకో పని దొరుకుతాది. ఈ పేరు యాడ కడుక్కునేది?”

రెండు మూడు రోజులు గడిచాక తరుణ్ ఫోన్ చేశాడు. బ్రౌనీ ఏమీ తినడంలేదట. ఆమె చేత్తో పెడితే తింటుందేమోనట. “పాతవన్నీ మనసులో పెట్టుకోవద్దు ప్రేమక్కా,” అన్నాడు, మనసులో పెట్టుకోవలసిన పని తాను చేయనట్టు. పోకూడదనే అనుకుంది. కుక్క మొహం గుర్తొచ్చి పోయింది.

వెనక గదిలో బ్రౌనీ చాప మీద పడుకుని ఉంది. ఆమెను చూసి లేవబోయి, లేవలేక తోక మాత్రం ఆడించింది. ప్రేమకుమారి దాని తల నిమిరి, ఫ్రిజ్ తెరిచి డబ్బా మూత తీసింది. ముక్కలు ఎర్రగా లేవు. పసుప్పచ్చగా ఉన్నాయి. వేలితో నొక్కితే ముక్క మెత్తగా విడిపోయింది. పసుపు వాసన.

ఆమె అట్లాగే నిలబడిపోయింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. డబ్బా చేత్తో పట్టుకుని తిన్నగా వంటింటి గడపలోకి వెళ్లి నిలబడింది.

పొయ్యి దగ్గరున్న రాజ్యలక్ష్మి వెనక్కి తిరిగి చూసి అదిరిపడింది. “అది లోపలికి తేవద్దు ప్రేమా.”

“ఇది లోపలే ఉడికింది కదమ్మా.”

రాజ్యలక్ష్మి చేతిలో గరిటె గట్టు మీద పెట్టేసింది. గొంతు తగ్గించి చెప్పింది. “ఆ పచ్చి నెత్తురు చూడలేకపోయినా. పూజలు చేసుకునే ఇల్లు. సాయంత్రం డబ్బా పసుపేసి ఒక పొంగు రానిచ్చి పెడతాంటి. శుద్ధి అయితాది కదా అనుకున్నా. ఎముక ఉడికితే గుచ్చుకుంటాదని నాకేం తెలుసు? మా వంశంలో ఎవరన్నా వండినారా? ఆ రాత్రినుంచి కొట్లోనే ఎముకలు తీయించి తెప్పించి పెడతాండా.”

“తెలీక చేసినారు, సరే. మరి నన్ను గేటు కాడ నిలబెట్టి అంటాంటే తలుపు చాటున వింటానే ఉన్నారు కదమ్మా.”

“ఏమని చెప్పేది? నా పొయ్యి మీద మాంసం ఉడకబెట్టినానని నా నోటితో చెప్పేదా? తెలిస్తే మావాళ్లెవరన్నా నా ఇంట్లో మంచినీళ్లు తాగుతారా? ఒక్క పేరంటానికి పిలుస్తారా? నీకైతే…”

“నాకైతే ఏంది?”

రాజ్యలక్ష్మి కళ్లు తిప్పుకుంది. “నీకైతే ఇదేం పెద్ద మాట కాదు కదా అనుకున్నా.”

వెనక చప్పుడైతే ప్రేమకుమారి తిరిగి చూసింది. తరుణ్ నడవలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తల్లిని చూశాడు, పసుపు ముక్కలను చూశాడు, ఒక్కసారిగా నవ్వేశాడు. కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

“నువ్వామ్మా? పసుపేసి వండినావా? రేపు పోపు గూడా పెడతావేమో.” నవ్వాపుకుని ప్రేమకుమారితో అన్నాడు. “సరేలే అక్కా, తెలిసిపాయె కదా. రేపటినుంచి పనిలోకి వచ్చెయ్.”

“నేనేసినాననుకున్నరోజు మీకు నవ్వు రాలేదు బాబూ,” అంది ప్రేమకుమారి.

తరుణ్ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది.

“గేటు కాడ అన్నారు. గేటు కాడే చెప్పండి. వీధిలో ఎవరెవరు విన్నారో వాళ్లందరూ వినాల.”

“వద్దు ప్రేమా, నీకు దండం పెడతా,” అంది రాజ్యలక్ష్మి. “ఇంట్లో మాట ఇంట్లోనే పోనీ. ఇంకనుంచి నీ బాక్సు లోపలికే తెచ్చుకో, నేనేమీ అనను.”

ఆ మాట వినగానే ప్రేమకుమారికి మిగిలిన కాస్త ఓర్పూ చచ్చింది. ఇన్నేళ్లు ఊరికే ఇవ్వగలిగిన చోటు, నోరు మూసుకుంటే ఇస్తానంటోంది. డబ్బా వంటింటి గడప మీద పెట్టి, గబగబా నడిచి గేటు తీసింది. తరుణ్ “అక్కా, ఆగు,” అంటూ వెంట వచ్చాడు.

సుచరిత అప్పుడే బడినుంచి వచ్చి స్కూటీ ఆపుతోంది.

“సుచరితమ్మా, ఆ ఎముక ఉడకబెట్టింది నేను కాదు. రాజ్యలక్ష్మమ్మ పసుపేసి వంటింట్లో ఉడకబెట్టినాది. ఇప్పుడే ఆమె నోటితోనే చెప్పినాది.”

పక్కింటివాళ్లు ఒకరిద్దరు బయటికి వచ్చారు. సుచరిత నమ్మలేనట్టు చూసింది. రాజ్యలక్ష్మి గుమ్మందాకా వచ్చి, తలుపు పట్టుకుని ఆగిపోయింది.

“నిజమేనా తరుణ్?” అంది సుచరిత.

తరుణ్ తల్లి వైపు చూశాడు. తర్వాత చేతిలో ఫోన్ వైపు చూసుకున్నాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు ఆంటీ. బ్రౌనీ బాగానే ఉంది కదా.”

“లోపల నవ్వినారు కదా బాబూ,” అంది ప్రేమకుమారి. గొంతు పెంచలేదు. “ఆ నవ్వే ఈడ గూడా ఒకసారి నవ్వండి. వాళ్లకే అర్థమైతాది.”

తరుణ్ నవ్వలేదు. గుమ్మంలో రాజ్యలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పక్కింటివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రేపు పొద్దున మా ఇంటికి రా ప్రేమా,” అంది సుచరిత మెల్లగా.

“వస్తానమ్మా, నాకు పని కావాల. మీ అత్తగారు భయపడినారన్నారు కదా. ఆమెనూ, పాపనూ కూర్చోబెట్టి, ప్రేమ ఏ తప్పూ చెయ్యలేదని ఇద్దరికీ చెప్పండి. చెప్పినానని నాకు ఫోన్ చెయ్యండి. అప్పుడొస్తా.”

సుచరిత వెంటనే సరే అనలేదు. ప్రేమకుమారి ఆమె జవాబు కోసం రోడ్డు మీద అట్లాగే నిలబడింది.