చోటు మారే మంచం

"రేపు ఇల్లు ఊడ్వకు అక్కా. ఆంటీకి మంచి చీర కట్టకు. తినేటియి ఏమన్న చేసి పెట్టినవనుకో, నేనే వచ్చి చెత్తల పడేస్త."

ఫోన్‌లో మనస్విని ఇలా బెదిరించింది. ఆమెది కరీంనగర్. భూగోళం దక్షిణ కొసనున్న ఈ ఇన్వర్‌కార్గిల్‌లో ఆసుపత్రి నర్సుగా చేస్తోంది. నాకు ఇక్కడున్న ఒకే ఒక్క స్నేహితురాలు కాబట్టి తిట్టే హక్కు కూడా ఆమెదే.

మర్నాడు మా ఇంటికి సపోర్ట్ అసెస్‌మెంట్‌కు ప్రభుత్వం తరఫున ఒకామె రావాలి. మా అత్తయ్య గ్రేసమ్మకు మతిమరుపు జబ్బు. ఆవిడకు ఎంత సాయం కావాలో, ఆవిడను చూసుకుంటున్న నాకు ఎంత సాయం కావాలో ఆ వచ్చిన మనిషి చూసి తేలుస్తుంది. అవసరమని తేలితే ఇంటికి మనిషిని పంపుతారు, అప్పుడప్పుడూ కొన్నాళ్లపాటు అత్తయ్యను వేరేచోట ఉంచుకుంటారు, నేను పడుకుంటాను. లేదంటే ఎప్పటిలాగే నేనే. ఆ ఎప్పటిలాగే అన్నది ఇంక నావల్ల కాదు. నిజం చెప్పాలంటే ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది కూడా ఒకామె వచ్చింది. అతిథి వస్తోందంటే మన చేతులు ఊరుకుంటాయా? ఇల్లంతా అద్దంలా తుడిచాను. అత్తయ్యకు తలంటి, చర్చికి కట్టుకునే గంజి పెట్టిన తెల్లచీర కట్టాను. ఉల్లి పకోడీలు వేశాను. ఎలా ఉన్నారని ఆమె అడగ్గానే, "దేవుని కృపవల్ల బాగున్నాం," అన్నాను. ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటున్న నోరు ఇది. మా సాక్ష్యాల్లో కష్టం మధ్యలోనే వస్తుంది. చివర మాత్రం ఎప్పుడూ స్తోత్రమే. బాత్రూం సంగతి అడిగితే, పెద్దావిడ పక్కనే కూర్చుని ఉండగా ఆ మాటలు ఎలా చెప్తాను? ఇబ్బందేమీ లేదన్నాను. అత్తయ్య ఒక కీర్తన కూడా పాడింది. వచ్చినామె కళ్లు తుడుచుకుంది. మీరు చాలా బాగా నెట్టుకొస్తున్నారు, ప్రస్తుతానికి సాయం అక్కర్లేదని తర్వాత ఫోన్ చేసి చెప్పారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కపోగా పకోడీలు పొట్లం కట్టి పంపాను.

ఈ ఊళ్లో ముసలివాళ్లుండే ఒక రెస్ట్‌హోమ్‌లో ఎవరెవరి అమ్మలకో స్నానాలు చేయించి జీతం తీసుకున్నదాన్ని. అత్తయ్య కోసం ఆ పని మానేశాను. అప్పుడు డ్యూటీ అయ్యాక ఇంటికి వచ్చేదాన్ని. ఇప్పుడు ఇల్లే డ్యూటీ.

అన్నిటికంటే భయమేసేది సాయంకాలం. జూన్ ఇక్కడ చలికాలం, అయిదింటికే చీకటి పడుతుంది. కిటికీలో వెలుగు తగ్గడం మొదలవగానే అత్తయ్య కుర్చీలోంచి లేచి చీరకుచ్చిళ్లు సర్దుకుంటుంది. చీర కట్టుకోని రోజున కూడా సర్దుకుంటుంది. గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆవిడ హెడ్‌నర్సు. వార్డు రౌండుకు బయలుదేరుతుంది.

మా ఇల్లంతా మంచాలే ఆవిడకు. టీవీ ముందు వెంకాయమ్మ, వరండా తలుపు దగ్గర పాము కరిచిన పిల్ల, నడవాలో ఇద్దరు బాలింతలు. అందరూ ఎప్పుడో పోయినవాళ్లే. ఒక్కొక్కరి దగ్గరా ఆగి గాలిలో దుప్పటి సర్దుతుంది, నుదురు తాకుతుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒకరోజు బకెట్‌తో నడవాలోంచి వెళ్తూ నేను పక్కకు ఒదిగి నడుస్తున్నానని గమనించాను. బాలింతల మంచాలకు తగలకూడదని! ఇంకోరోజు ఎవరికో "సారీ" కూడా చెప్పాను. అప్పట్నుంచి సాయంకాలమయ్యేసరికి ఇంట్లో ఫినాయిలు వాసన వస్తుంది. ఇంట్లో ఫినాయిలు లేదు.

వాళ్లతో నాకు పేచీ లేదు. భయం ఆఖరి మనిషితో. మిగతా మంచాలు ఎక్కడివక్కడే ఉంటాయి కానీ ఆ మంచం మాత్రం చోటు మారుతుంది. ఒకరోజు వంటగదిలో, ఒకరోజు వాషింగ్ మెషీన్ దగ్గర. అక్కడికొచ్చేసరికి అత్తయ్య గొంతు తగ్గిస్తుంది.

"దీనికెవరూ లేరు పాపం. ఎక్కువ రోజులుండదు."

"పేరేంటి అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"చెప్పదే. ఏవడిగినా బాగానే ఉన్నానంటాది."

నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఎందుకంటే మా ఆయన విన్సెంట్ చిన్నప్పటి కబుర్లలో ఒకటి ఇదే: మా అమ్మ ఎవరు పోతారంటే వాళ్లు పోయేవాళ్లు, డాక్టర్లు కూడా మా అమ్మ మొహం చూసి చుట్టాలకు కబురు పెట్టించేవాళ్లు. ఇప్పుడు నా ఇంట్లో ఎవరో పేరు లేని మనిషి నా వెనకే తిరుగుతూ చావడానికి సిద్ధంగా ఉంది. వంట చేస్తూ వెనక్కి తిరిగి చూడటం అలవాటైంది. స్టవ్ దగ్గర నుంచి సింక్ దాకా వెళ్లాలన్నా లైటు వేసుకునేదాన్ని.

మీటింగు టైము ఖాయం కాకముందు మనస్వినికి ఇదంతా చెప్తే, దయ్యాల సంగతి పట్టించుకోకుండా, "మీటింగు సాయంత్రమే పెట్టించుకో అక్కా. పొద్దుగాల ఆంటీ మంచిగుంటది. ఎట్లుంటదో ఆమెనే చూడనీ," అంది.

ఆమె ఫోన్‌లో బెదిరించిన రాత్రి భోజనాల దగ్గర విన్సెంట్ ముద్ద కలుపుతూ గొణిగాడు. పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టులు ఆయనవి.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది డెబోరా. అమ్మ మతిలేకుండా చేసేవన్నీ దొరసానికి చెప్పాలా?"

"మీ అమ్మ ఏం చేస్తారో మీకెలా తెలుసండీ? మీరొచ్చేసరికి గోడలతో సహా కడిగేసుంటాను కదా!"

ఆయన కంచంలోకి తలొంచుకున్నాడు. నాకు జాలి కూడా వేయలేదు. అంత అలిసిపోయి ఉన్నాను.

మర్నాడు ఇల్లు ఊడవలేదు. చేతులు దురదపెట్టాయి. అత్తయ్య టీ ఒలికిన నైటీలో, పైన విన్సెంట్ పాత స్వెటర్‌తో సోఫాలో కునుకు తీస్తోంది. సాయంత్రం వచ్చినామె పేరు హీతర్. పొడుగ్గా, తెల్లజుట్టుతో ఉంది. బూట్లు గుమ్మంలో విడిచి నా ఎదురుగా కూర్చుని, మీరెలా ఉన్నారని అడిగింది.

దేవుని కృపవల్ల అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. మింగాక ఇంకేమీ రాలేదు. మంచు పడిన పొద్దున అత్తయ్య చెప్పుల్లేకుండా రోడ్డెక్కిన సంగతి చెప్పాలనుకున్నాను. గోడల సంగతి, నా చెయ్యి కొరికిన సంగతి చెప్పాలనుకున్నాను. కానీ ఆవిడ అక్కడే ఉంది. కళ్లు మూసుకుని ఉన్నా పెద్దావిడ పెద్దావిడే. ఆవిడ మలమూత్రాల గురించి ఆవిడ ఎదుటే పరాయి మనిషికి చెప్పడానికి నా నోరు పెగల్లేదు. హీతర్ ఓపిగ్గా ఎదురుచూసింది. కిటికీలో వెలుగు తగ్గింది.

అత్తయ్య కళ్లు తెరిచింది. హీతర్‌ను చూసింది. వెంటనే లేచి నిటారుగా నిలబడి స్వెటర్ మీదే కుచ్చిళ్లు సర్దుకుంది. ఆ మిషన్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఒక దొరసాని అని విన్నాను. ఇన్నాళ్లూ ఒంటరిగా రౌండు తిరిగిన మనిషికి ఈరోజు డాక్టరమ్మ వచ్చింది.

"దయచేయండి డాక్టరమ్మగారూ," అంది.

హీతర్ నావైపు చూసింది. వెళ్లమన్నాను. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని అత్తయ్య పక్కన నడిచింది. అత్తయ్య వెంకాయమ్మ గురించి చెప్పింది, పాము కరిచిన పిల్ల గురించి చెప్పింది. నేను వెనకే నడుస్తూ ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాను. ఈ మంచాల్లో ఎవరూ లేరని కూడా చెప్పాను. నడవాలో హీతర్ కూడా గోడవైపు ఒదిగి నడిచింది.

అక్కడినుంచి అత్తయ్య వెనక్కి తిరిగింది. ఇంక మిగిలింది ఆ ఆఖరి మంచమే. ఈరోజు ఎక్కడుందోనని చుట్టూ చూశాను. ఆవిడ నావైపు వచ్చింది. దారిస్తూ పక్కకు జరిగాను. ఆవిడా పక్కకు తిరిగింది. వంటగది గుమ్మంలోకి తప్పుకున్నాను. అక్కడికీ వచ్చింది. మంచం నా వెనక ఉందేమోనని తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్లు నాడి మీద సరిగ్గా పెట్టింది.

"ఈవిడేనండీ నేను చెప్పింది," అంది దొరసాని వైపు చూసి. "నిద్దర లేదు. నించునే తింటాది. కుళాయి తిప్పుకుని ఏడుస్తాది, మనం వినలేదనుకుంటాది. అడిగితే బాగానే ఉన్నానంటాది."

రెండో చేత్తో గుమ్మం పట్టుకున్నాను.

"ఇంటికి మాత్రం పంపకండి డాక్టరమ్మగారూ. ఇంటికాడే ఇలాగైపోయింది."

"ఏమంటున్నారు?" అని హీతర్ అడిగింది.

పాత రోజులేవో గుర్తొచ్చాయట అని తేల్చేయొచ్చు. ఆవిడ మాటలకు అర్థం లేదు అనొచ్చు. హీతర్‌కు తెలుగు రాదు, విన్సెంట్ ఇంట్లో లేడు, ఇంటిగుట్టు ఇంట్లోనే ఉండిపోతుంది.

నిద్ర లేదట, అన్నాను ఇంగ్లీషులో. నిలబడే తింటుందట. మధ్యలో ఆపలేదు. ఇంటికి పంపొద్దంటున్నారు, ఇంట్లోనే ఇలా అయిపోయిందంటున్నారు.

"ఎవరు?"

"నేను."

హీతర్ దగ్గరగా వచ్చి, ఈ వారంలోనే అత్తయ్యను కొన్నాళ్లు వేరేచోట ఉంచే ఏర్పాటు చేస్తానని, ఇంటికి మనిషిని కూడా పంపిస్తానని, ఇంత ఆలస్యం కావలసింది కాదని నెమ్మదిగా చెప్పింది. నాకు ఆ మాటలు సగమే వినిపించాయి. అత్తయ్య ఇంకా నా చెయ్యి వదల్లేదు. చాలామంది చావును ముందే చెప్పిన మనిషి, నా మొహంలోకి చూస్తూ, పెదవులు కదిలిస్తూ నాడి లెక్కపెడుతోంది. లెక్క అయ్యాక ఏం చెబుతుందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.