నూనె సీసా మీద పెన్సిలు గీత

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు అది. నీళ్ళు మా కొట్టులో చెక్కల దాకా వచ్చాయి కాబట్టి ఆ లెక్క గుర్తుంది. నేను వడ్రంగిని. నలభై ఏళ్ళు నేలకి మోకాళ్ళానించి పని చేశాను. చివరికి కీళ్ళవాతం పట్టుకుంది.

ఆయుర్వేద వైద్యుడు వావిలాకు వేసి కాచిన నూనె ఇచ్చాడు. "రెండు పూటలా మర్దనా, పైన వేడి కాపడం. ఓపిక పట్టాలి మేస్త్రీ" అన్నాడు. ఓపిక నన్ను పట్టమన్నాడు గాని పట్టింది నా భార్య. నూనె రాయడం, ఆకు దంచి మూట కట్టడం, కషాయం మరిగించడం, అన్నీ ఆమే.

ఒకసారి ఆమె తన వేళ్ళు కూడా వైద్యుడికి చూపించబోయింది. కణుపులు లావెక్కి ఉన్నాయి. నేనే అడ్డొచ్చాను. "దానికి వేరే మందెందుకండీ? నాకు రాసేటప్పుడు చేతికి అంటింది చాలదూ?" అన్నాను. వైద్యుడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ తర్వాత నుంచి నెల రావలసిన సీసా ఇరవై రోజులకే అడుగంటసాగింది. పక్క వీధిలో నా మరదలుంది, ఆమెకీ మోకాళ్ళ నొప్పులే. పుట్టింటి ప్రేమ పొంగిందనుకున్నాను. అడగలేదు. అడగడం నాకు రాదు, కొలవడం వచ్చు. సీసాకి అంటించిన కాగితం మీద రోజూ పెన్సిలుతో గీత పెట్టాను. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి నూనె గీత కిందికి దిగి ఉండేది.

ఒకరోజు నిద్ర నటించాను. వంటగది తలుపు మూసుకున్న చప్పుడైంది. వెళ్ళి తోశాను. ఆమె నేలమీద కూచుని తన వేళ్ళకి నూనె రాసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున తుడిచేసుకుంది.

"ఇదా సంగతి! మీ చెల్లెలికి చేరేస్తున్నావనుకున్నా."

"అనుకుంటారని తెలుసు. మీ గీతలు నేను మొదటి రోజే చూశాను" అంది. "ఇవాళ అడుగుతారు, రేపు అడుగుతారు అనుకుంటూనే ఉన్నా. నూనె ఎంత తరిగిందో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచారు. నా వేళ్ళు ఎంత వంకరపోయాయో ఒక్కనాడైనా చూశారా? మీరు చేసిన తలుపులకి ఉప్పుకాగితం పట్టిందెవరు? అద్దంలా ఉంది మేస్త్రీ అని జనం అంటే మీరు మీసం మెలేసేవారు. ఈ నునుపు ఎవరి చేతిదని ఎవరైనా అడుగుతారేమోనని నేను గోడవారన నిలబడేదాన్ని. ఎవరూ అడగలేదు. మీరూ చెప్పలేదు. పగలు చెక్క రుద్ది, సాయంత్రం మీ అమ్మ కాళ్ళు పిసికి, ఈ చేతులు నావేనన్న సంగతే మరిచిపోయాను. అంటింది చాలదూ అన్నారు చూడండి, ఆరోజు గుర్తొచ్చింది."

సీసా మూత బిగించబోయింది. వేళ్ళు తిరగలేదు. నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

"రేపట్నుంచి మీ మోకాళ్ళకి మీరే రాసుకోండి" అంది.

మర్నాడు పొద్దున్నే లేచి నూనె వెచ్చబెట్టాను. ఆమె ముందు నిలబడి చెయ్యి ఇమ్మన్నాను.

"ఎందుకు? ఏం కావాలి మీకు?" అంది. ఇన్నాళ్ళూ నేను సీసాని చూసిన చూపుతోనే నన్ను చూసింది.

గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మోకాళ్ళు సలిపాయి. నూనె చల్లారిపోయింది. మళ్ళీ వెళ్ళి వెచ్చబెట్టుకొచ్చాను.