గాజుల మీద కట్టిన పట్టీ

నేను ఒక మణికట్టు పట్టీని. లోపల వంగని లోహపు రేకు, పైన నల్లగుడ్డ, చర్రుమని ఊడే అంటుడు పట్టీలు. నన్ను కుట్టిన అమ్మాయి మధ్యమధ్యలో మిషన్ ఆపి తన చెయ్యి విదిలించుకునేది. నన్నోసారి తొడుక్కుని చూద్దామని మాత్రం ఆమెకు తట్టలేదు. మనుషులంతే.

రావులపాలెం డాక్టరుగారి బల్ల మీంచి నేను శేషవేణి చేతికొచ్చాను. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మనిషి. పిండి జావలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క ఊపున లాగాలి. పొద్దస్తమానం ఆ మణికట్టుదే పని.

"ఇక్కడ నరం నొక్కుకుపోతోందమ్మా. రాత్రిళ్ళు ఇది కట్టుకుని, చెయ్యి తిన్నగా ఉంచి పడుకో. పని తగ్గించు. దీనికి తగ్గకపోతే సూది వేద్దాం. అప్పటికీ లొంగక బొటనవేలి కింద కండ కరిగిందా, కోయాల్సిందే," అన్నారాయన.

కోత మాట వినగానే ఆమె ఆ చేతిని నాతో సహా వెనక్కి లాక్కుంది. ఆ ఊపు పోతే శేషవేణికి వేరే పని రాదు.

ఇంటికొచ్చి గాజులు తీయబోతే అత్తగారు బుల్లెమ్మ అడ్డుపడింది. "మొగుడు బతికుండగా బోసి చేత్తో పడుకుంటావా? డాక్టరుకేం, మగాడు. గాజుల మీదే కట్టుకో!"

అలాగే కట్టుకుంది. నేను సరిగా మూసుకోలేదు. నిద్రలో ఆమె చెయ్యి ముడుచుకుంటే ఆపలేకపోయాను. పైగా నా బిగువుకి గాజులు సరిగ్గా ఆ నరం మీదే ఒత్తుకునేవి. తెల్లారి తిమ్మిరెక్కిన వేళ్ళు విదిలించుకుంటూ ఆమె నన్నే తిట్టేది.

ఓ ఉదయం పొయ్యి పక్కన మేకుకి వేలాడుతూ చూశాను. పూతరేకు తీసి, అత్తగారితో ఏదో చెబుతోంది శేషవేణి. వేళ్ళు కుండకి ఆనే ఉన్నాయి. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. కమురు వాసన ముందు బుల్లెమ్మకే తగిలింది.

"చెయ్యి! చెయ్యి తియ్యవే!"

బొబ్బలెక్కుతున్న వేళ్ళని వేరెవరివో అన్నట్టు చూసుకుంది శేషవేణి.

బుల్లెమ్మ ఆ చేతిని నీళ్ళలో ముంచి పట్టుకుంది. తర్వాత సబ్బునురగ రాసి, ఒక్కటీ చిట్లకుండా గాజులన్నీ జార్చింది. "మీ మామగారు పోయిననాడు నావి పగలగొట్టారు. ఆ చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉందే," అంది. ముక్కు చీదింది. "రెండో చెయ్యుందిగా! మావాడు రెండు చేతులకీ మొగుడే. ఇవీ దానికే తొడుక్కో."

ఆ రాత్రి నుంచి నా పని నేను చేశాను. రేకులు బుల్లెమ్మ తీసింది. చిరిగినవి చిరిగాయి. డాక్టరుగారు ఓ సూది కూడా వేశారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన శేషవేణిని కళ్ళు మూసుకోమని, దూదితో తాకుతూ ఏ వేలో చెప్పమన్నారు.

"మధ్యవేలే, చెప్పవే!" అంది బుల్లెమ్మ.

"పరీక్ష మీక్కాదమ్మా," అని ఆవిడని బయట కూర్చోబెట్టి మళ్ళీ మొదలెట్టారు.

"చూపుడువేలు." నిజమే. "బొటనవేలు." అదీ నిజమే. ఆ తర్వాత దూది గాల్లోనే ఆగింది. శేషవేణి నుదురు ముడిపడింది.

"ఏ వేలమ్మా?"

ఆమె కళ్ళు మూసుకునే వేళ్ళు ఒక్కొక్కటీ కదిపి చూసుకుంది.

"ఏమోనండీ," అంది భయంభయంగా, "ఇప్పుడు మీరు ఏ వేలూ ముట్టుకోలేదు కదండీ?"

డాక్టరుగారు నవ్వి దూది పడేశారు. కోత ఊసెత్తకుండా నన్ను ఆమె చేతికిచ్చి, "ఇంకొన్నాళ్ళు కట్టుకో," అన్నారు.

"ఏ వేలూ కాదందేంటి! తప్పు చెప్పేసింది రా దేవుడా!" అని తలుపవతల బుల్లెమ్మ ఏడుపందుకుంది. వెళ్ళి చెబుదామంటే నాకు నోరు లేదాయె.