పెదవులు కదలకుండా

నా నోరు మంచిది కాదని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్లు సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. రిటైరై నాలుగేళ్లయినా, బస్టాండు దగ్గర నేను కనిపిస్తే మీసాలు నెరిసిన మగవాళ్లు కూడా చేతిలో సిగరెట్టు వెనక్కి దాచేస్తారు. విమలమ్మ టీచరు దగ్గర చదివితే ఇంగ్లీషు రాకుండా పోదని ఊరంతా అనేది. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకం వల్ల ఒక పిల్లకు ఒక ఏడాది పోయింది. అది చెప్పుకోవాలి, ఎందుకంటే ఇన్నేళ్లలో పిల్లల తప్పులు ఎన్నో నలుగురిలో పెట్టి చెప్పాను.

ఆ పిల్ల పేరు పల్లవి. వాళ్లది నాగిరెడ్డిపేట. తండ్రి హన్మంతుకు పోచారం కాలువ కింద మూడెకరాల వరి. పిల్ల ఎల్లారెడ్డిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఆయనే వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. హైదరాబాదు యూనివర్సిటీలో అయిదేళ్ల కోర్సులో చేరాలని పిల్ల కోరిక. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. అందులో ఇంగ్లీషు పేపరు గంటసేపు, యాభై ప్రశ్నలు. వ్యాకరణం, పదాలకు అర్థాలు, సగానికి పైగా చదివి జవాబు చెప్పాల్సిన పేరాలు.

"అన్నిట్ల మంచిగనే ఉన్నది మేడం. ఇంగ్లీషంటెనే భయపడ్తది. మీ చేతుల పెడుతున్న" అన్నాడు హన్మంతు.

"పెట్టినవ్ గదా, ఇగ పో. సీటు రాకుంటే నన్నడుగు" అన్నాను.

అలా అనడం నాకు అలవాటు. ఎంతమందితో అన్నానో లెక్కలేదు. ఎవరూ వచ్చి అడగలేదు కాబట్టి అంటూనే ఉన్నాను.

నా పద్ధతి ఒక్కటే. ఒక వాక్యం గట్టిగా పైకి చదవాలి, అక్కడ ఆగాలి. నేను "అంటే?" అంటాను. దాని అర్థం తెలుగులో చెప్పాలి. చెప్పాకే తర్వాతి వాక్యం. నోట్లో నసిగితే ఊరుకోను. "ఏందే, పిల్లికి పాలు పోస్తున్నవా? వీధిలకు వినబడాలె!" అని కసురుతాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మా అరుగు మీద పల్లవి గొంతు మోగుతుండేది. రోజుకు పదిహేను కొత్త మాటలు, వారానికో వ్యాకరణ పాఠం. పిల్ల ఒక్కనాడు మానలేదు.

ఈ పద్ధతి నాకు ఏ ట్రైనింగు కాలేజీ నేర్పలేదు. మా అమ్మ సాలవ్వ నేర్పింది. మా నాన్న అబ్రాహాము పాలేరు, అమ్మ నాట్లకు పోయేది. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. ఇంట్లో, ఆ మాటకొస్తే మా వాడ మొత్తంలో, చదువొచ్చిన మొదటి పిల్లను నేనే. దవాఖాన చీటీ వచ్చినా, పోస్టు కార్డు వచ్చినా, మందు డబ్బా మీద రాతైనా నేను పైకి చదవాలి. అమ్మ బియ్యం చెరుగుతూ ప్రతి మాటకూ చేట ఆపి "అంటే ఏందే బిడ్డా?" అనేది. ఒకసారి మా మామ రాసిన ఉత్తరం నాలో నేనే చదువుకుంటే అమ్మకు ఎంత కోపమొచ్చిందో! "నీ ఒక్కదానికే దాసుకుంటవా? మా కండ్లు నువ్వే గదనే" అని ఏడ్చింది. మా ఇళ్లలో చదవడమంటే అదే. చదివేది ఒక్కరు, వినేది ఇంటిల్లిపాది. పల్లవి ఇంట్లోనూ అంతే. నానమ్మ నర్సవ్వకు చూపు ఆనదు. పేపరైనా, ఫోన్లో వచ్చిన మెసేజైనా పల్లవి చదివి చెప్పాల్సిందే.

మే నెలలో కామారెడ్డిలో పరీక్ష. కంప్యూటర్ మీద రాయాలి. నేనూ వెళ్లాను, గేటు బయట వేపచెట్టు కింద హన్మంతుతో పాటు కూర్చున్నాను. పల్లవి బయటికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని చేసినవే?"

"ఇరవై ఎనిమిది, మేడం. టైం సరిపోలే."

నా ఒళ్లు మండిపోయింది. "యాభైల ఇరవై ఎనిమిదా? అందరికి సరిపొయ్యింది, నీ ఒక్కదానికే సరిపోలేదా? లోపల నిద్రపొయ్యినవా? ఏడు నెలలు నా గొంతు చించుకున్న!" పిల్లలు, తల్లిదండ్రులు అందరూ మా వైపే చూస్తున్నారు. నేను ఆపలేదు.

"గొణగొద్దని లోపలున్న సారు రెండుసార్లు కోపం చేసిండు మేడం" అంది పల్లవి నెమ్మదిగా.

ఆ మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. సీటు రాలేదు. హన్మంతు ఫలితాల రోజు ఫోన్ చేసి, "ఇంకొక్క ఏడు చూస్తం మేడం. అప్పటికీ రాకుంటే కామారెడ్డిల డిగ్రీల చేరుతది. ఇగ హైద్రాబాద్ ముచ్చట ఎత్తద్దన్న" అన్నాడు. సీటు రాకుంటే నన్నడగమన్నది నేను. ఆయన అడగలేదు. పోనీలే, పిల్లే సరిగ్గా కష్టపడలేదని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు లేకుండా చెప్పుకున్నాను.

పల్లవి ఆ ఏడాది ఏ కాలేజీలోనూ చేరలేదు. రోజూ పదింటి బస్సుకు నాగిరెడ్డిపేట నుంచి వచ్చేది. మళ్లీ అదే అరుగు, అదే గొంతు, అదే "అంటే?"

డిసెంబరులో నా గొంతు పోయింది. కామారెడ్డి డాక్టరు చూసి, వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. మాట్లాడకుండా పాఠం ఎలా చెప్పేది? పల్లవి ముందు పాత ప్రశ్నపత్రం పెట్టి, గోడ గడియారం చూపించి, మొదలుపెట్టమని సైగ చేశాను. ఎదురుగా ఊరికే కూర్చున్నాను.

ఊరికే కూర్చుంటే కదా కళ్లు పనిచేసేది. ఇన్ని నెలల్లో నేను ఆ పిల్ల గొంతు విన్నాను, ముఖం చూడలేదు. పల్లవి పెదవులు కదులుతున్నాయి. ఒక వాక్యం చదివి ఆగింది. సన్నగా "అంటే..." అని తనకు తానే అనుకుంది. తెలుగులో ఏదో గొణుక్కుంది. తల ఊపింది. అప్పుడు రెండో వాక్యానికి వెళ్లింది. అక్కడా ఆగింది. మళ్లీ "అంటే..." అంది.

నేను అడగలేదు. నాకు గొంతే లేదు. అయినా నా గొంతు ఆ పిల్ల లోపల కూర్చుని ప్రతి వాక్యం దగ్గరా ఆపుతోంది.

గంటయ్యేసరికి ఇరవై తొమ్మిది ప్రశ్నలు చేసింది. దిద్దాను. ఇరవై ఎనిమిది ఒప్పు. ఈ పిల్లకు రానిదంటూ ఏమీ లేదు. కామారెడ్డిలో ఆ రోజు కూడా వచ్చే ఉంటుంది. పరిగెత్తాల్సిన పిల్ల కాళ్లకు నేనే బంధం వేసి, ఎందుకు పరిగెత్తలేదని గేటు దగ్గర పదిమందిలో తిట్టాను.

పల్లవి వెళ్లాక తలుపు వేసుకుని, అందులోదే ఒక పేరా నేను చదివాను. చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని చదివాను. వేలి కింద పెదవులు కదిలాయి. అరవై రెండేళ్లొచ్చాయి, ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు టీచరును. మా అమ్మ పక్కన లేకుండా ఒక్క పేజీ కూడా చదవలేదని ఆ రోజు తెలిసింది. చాలాసేపు ఏడ్చాను. అమ్మ మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది.

గొంతు వచ్చీరాగానే నాగిరెడ్డిపేట బస్సెక్కాను. హన్మంతు పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నర్సవ్వ మంచం మీద కూర్చుని ఉంది. కుర్చీ వేశారు, నేను కూర్చోలేదు.

"హన్మంతూ, పోయినేడు తప్పు నీ బిడ్డది కాదు. నాది. నేను నేర్పిన తీరే తప్పు. దానికి అంతా వస్తది. నేనే ఆగమని నేర్పిన. ఆగుకుంట ఆగుకుంట పోయెటాల్లకు గంట అయిపొయ్యింది" అన్నాను.

హన్మంతు తువ్వాల తీసుకుని కాళ్లూ చేతులూ తుడుచుకున్నాడు. తిడితే బాగుండునని అనిపించింది.

"ఒక ఏడు పాయె మేడం" అన్నాడు చివరికి. "ఇప్పుడేం జేద్దాం?"

ఏం చేయాలో నాకు మాత్రం ఏం తెలుసు? ఎవరూ నాకు నేర్పలేదు. మర్నాడు రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టాను. "నోట్ల నీళ్లు పోసుకో. మింగద్దు, ఉమ్మద్దు. పేరా అయ్యేదాక గట్లనే ఉండు" అన్నాను. నేనూ పోసుకున్నాను. బుగ్గలు ఉబ్బించుకుని ఎదురెదురుగా కూర్చుని చదివాం. పాలు తెచ్చే ఎల్లయ్య చూసి, "ఏమైంది టీచరమ్మా, ఇద్దరికి పండ్ల నొప్పా?" అన్నాడు. నోరు తెరిస్తే నీళ్లు పోతాయి కాబట్టి బతికిపోయాడు.

మొదటి పదిహేను రోజులు నరకం. మనసులో తెలుగు అర్థం చెప్పుకోకపోతే పల్లవికి తాను చదివింది చదివినట్టే అనిపించేది కాదు. "మేడం, అర్థమైందో లేదో నాకే తెలుస్తలేదు" అనేది. అర్థం అడగాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. అడగలేదు. ఇంట్లో కూడా పైకి చదవొద్దని, ఎవరికీ అర్థం చెప్పొద్దని కట్టడి చేశాను. దాంతో అక్కడ ఇంకో బాధ మొదలైంది. ఒకరోజు పల్లవి కళ్లు వాచిపోయి వచ్చింది.

"పేపర్ల ఏముందని అవ్వ అడిగింది మేడం. తర్వాత చెప్తనన్న. నేనేం పాపం జేసిన్నే, నాకు చెప్పకుంట లోపల్లోపల చదువుకుంటున్నవని అన్నది. అప్పటిసంది అడుగుతనే లేదు."

అచ్చం మా అమ్మ మాటే. అయినా, "పరీక్ష అయ్యేదాక ఓర్చుకో" అన్నాను. నా నోరు మంచిది కాదని ముందే చెప్పాను కదా.

మార్చిలో ఒకనాడు మామూలుగానే నోట్లో నీళ్లతో చదువుతోంది. ఆ పేరాలో ఒక ముసలి పడవవాడు ఉంటాడు. ఏటి మీద వంతెన కట్టేస్తారు. ఇక పడవ ఎక్కేవాళ్లు ఎవరూ రారు. చివరి రోజు ఖాళీ పడవనే అవతలి ఒడ్డుకు తోలి, ఎప్పట్లాగే కాసేపు ఆగి, తిరిగొస్తాడు. నేను ముందురోజే చదివాను కాబట్టి నాకు తెలుసు. పల్లవి పెదవులు బిగిసి ఉన్నాయి. కళ్లు మాత్రం వరస వెంట వరస పోతున్నాయి, ఎక్కడా ఆగలేదు. అడుగు వరసకు వచ్చేసరికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

నేను అర్థం అడగలేదు. గడియారం చూశాను. ఒకటిన్నర నిమిషం పట్టింది. లోపలికెళ్లి పొయ్యి దగ్గర నిలబడి ముఖం తుడుచుకుని వచ్చాను.

మేలో మళ్లీ కామారెడ్డి, మళ్లీ అదే వేపచెట్టు. బయటికొచ్చి, "యాభై చేసిన మేడం. నాలుగు నిమిషాలు మిగిలినయ్" అంది. నేను అక్కడే ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, పోయినేడు ఇక్కడ అన్న మాటలకు క్షమించమన్నాను. పదిమందిలో అన్నదాన్ని పదిమందిలోనే అడగాలి. పిల్ల గాబరా పడి, "అయ్యో, గట్లనకుండ్రి మేడం" అంది.

జులైలో ఒక పొద్దున హన్మంతు ఫోన్ చేసి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి పల్లవి గడప దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, అంతా ఇంగ్లీషు. నేను వచ్చేదాకా తెరవలేదట. అప్పుడు తెరిచింది. పెదవి కదలకుండా పైనుంచి కిందికి చదివేసింది. ముఖంలో ఏమీ తెలియలేదు. హన్మంతు పిల్ల వైపు, పిల్ల నా వైపు చూస్తున్నారు. నర్సవ్వ మంచం మీద తల వంచుకుని కూర్చుంది. ఆమె అడగడం మానేసి ఆరు నెలలు, పరీక్షయ్యాక కూడా మళ్లీ అడగలేదు.

"పైకి చదువు, పల్లవీ. అవ్వ పక్కన కూసోని చదువు" అన్నాను.

పల్లవి వెళ్లి మంచం మీద కూర్చుంది. మొదటి వాక్యం గట్టిగా, వీధికి వినపడేలా చదివింది. అలవాటుగా అక్కడ ఆగింది. నర్సవ్వ అడగలేదు. ఎవరూ అడగలేదు. నేనే అడిగాను. నా నోట్లోంచి మా అమ్మ మాటే వచ్చింది.

"అంటే ఏందే బిడ్డా?"

"అంటే సీటొచ్చిందవ్వా" అంది పల్లవి నానమ్మ చెయ్యి పట్టుకుని. "అంటే... వచ్చే నెల నేను హైద్రాబాద్ పోతున్న."

నర్సవ్వ మనవరాలి ముఖం చేతులతో తడిమింది. "పో బిడ్డా, మంచిగ చదువుకో" అంది. తర్వాత ఎవరినీ అడగనట్టుగా, "నువ్వు పోతే నాకెవరు చదువుతరే?" అంది.

హన్మంతు తల తిప్పుకున్నాడు.

"నన్నడుగు అవ్వా" అన్నాను. "గురువారం గురువారం వస్త. పేపర్ తెస్త, చదువుత. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్త."

నర్సవ్వ నా గొంతు వచ్చిన వైపు తిరిగి తల ఊపింది. తర్వాత పల్లవి మోకాలి మీద తట్టి, "ఆగినవేందే? ఇంకా ఏమేం రాసిండ్రో అంతా చదువు" అంది.

పల్లవి రెండో వాక్యం చదివి ఆగింది.

"అంటే ఏందే?" అంది నర్సవ్వ.