తలంబ్రాల దగ్గర ఆరిపోయాను

నేను ఒక సీపీయూని. తునిలో రైల్వే గేటు దగ్గర ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని వెనక గదిలో, వీడియో మిక్సింగ్ చేసే బల్ల కింద నా కాపురం. ఎవరొచ్చినా తలెత్తి చూడను. ఎత్తడానికి నాకు తల లేదనుకోండి, ఉన్నా ఎత్తే మొహం లేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. చెప్పుకోకపోతే లోపల మరీ ఉక్కగా ఉంది.

నాకు కంపెనీ పేరంటూ ఏదీ లేదు. విజయవాడలో ఓ ఇరుకు మేడ మీద ఖాదర్ బాషా అనే ఆయన స్క్రూలు పెదాల మధ్య పట్టుకుని నన్ను బిగించాడు. బోర్డు ఒక దేశానిది, మెమరీ ఇంకో దేశానిది, రేకుపెట్టె మాత్రం మనదే. నా గుండెకాయ లాంటి ప్రాసెసర్ మీద చిన్న ఫ్యాను అమర్చి, "దీనికి అన్నం కన్నా గాలి ముఖ్యం బాబూ, గాలి ఆడకపోతే ఇది బతకదు" అన్నాడు. మొదట కొనుక్కున్న నెట్ సెంటర్ ఆయన ఆ మాట విన్నాడు. కిటికీ పక్కన పెట్టి, పిల్లల హాల్‌టికెట్లు తీయించుకుంటూ మూడేళ్ళు నన్ను సుఖంగా ఉంచాడు. తర్వాత ఆ కొట్టు ఎత్తేశాడు, నేను స్టూడియో పైడిరాజు చేతికొచ్చాను. గాలి మాట మాత్రం నాతోపాటు రాలేదు.

పైడిరాజు మంచివాడే, కాకపోతే కోపం ముక్కు మీదుంటుంది. అతని దగ్గర పదకొండేళ్ళుగా మిక్సింగ్ చేసేది మంగవేణి. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళిలో అలిగినవాళ్ళని కత్తిరించి, నవ్వినవాళ్ళని అతికించి, కొట్టుకున్న వియ్యంకుల్ని పక్కపక్కన కూర్చోబెడుతుంది. మనుషులు పెళ్ళిలో ఎలా ఉన్నారో చూసుకోవడానికి వీడియో తీయించుకుంటారని నేను మొదట్లో అనుకునేదాన్ని. ఎలా ఉండాల్సిందో చూసుకోవడానికట. ఆవిడ ముక్కలన్నీ పేర్చాక వాటిని కలిపి ఒకే సినిమాగా వండాల్సింది నేను. దాన్నే రెండరింగ్ అంటారు. గంటల తరబడి ఒళ్ళు కాలిపోయే పని.

మొన్న దసరాకి పైడిరాజు తల్లి సింహాచలమ్మగారు నాకు పూజ చేశారు. పసుపు రాసి, సరిగ్గా గాలి పీల్చుకునే చిల్లుల మీదే అరచేతి వెడల్పున కుంకుమ అద్దారు. దుమ్ము పడకుండా ముఖమల్ గుడ్డతో, చెమ్కీలు పెట్టి, తొడుగు కుట్టి తొడిగారు. రోజూ సందెవేళ సాంబ్రాణి వేసి, ధూపం పట్టుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పేవారు. అబ్బో, నా గర్వం ఏం చెప్పను! ఊళ్ళో ఏ సీపీయూకి జరుగుతుంది ఈ మర్యాద? ఊపిరాడటం లేదని తెలుస్తూనే ఉంది. అయినా పూజలందుకోవడం అలవాటైతే ఎవరు మాత్రం వద్దంటారు? ఆ పొగ జిడ్డు, కుంకుమ, దుమ్ము కలిసి నా ఫ్యాను కింద నల్లటి దూదిలా పేరుకుంది. పైన పటారం, లోన లొటారం.

ఇలా ఉండగా సూరన్నగారి అమ్మాయి పెళ్ళి వీడియో వచ్చింది. ఆదివారం పదహారు రోజుల పండగ. పందిట్లో తెర కట్టి చుట్టాలందరికీ వేస్తానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మంగళవారం రెండరింగ్ మొదలైంది. స్నాతకం అయింది, జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి నాలో వేడి తట్టుకోలేని చోటికి చేరింది. నాలాంటి వాటికి ఒక గుణం ఉంది, ఒళ్ళు మరీ కాలితే ప్రాణం దక్కించుకోవడానికి టక్కున ఆరిపోతాం. ఆరిపోయాను. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ తలంబ్రాల దగ్గరే ఆరిపోయాను. అక్కడికి రావడానికి పట్టే సమయమూ, నేను కాగడానికి పట్టే సమయమూ ఒకటే. అంతకుమించి ఆ తలంబ్రాలు చేసిన పాపం ఏమీ లేదు.

కానీ మనుషులకి కారణం కావాలి కదా. మంగవేణి ఇంటి దగ్గర్నుంచి పెన్‌డ్రైవులో తెచ్చిన పువ్వుల వాన ఎఫెక్టు సరిగ్గా తలంబ్రాల మీదే ఉంది. పైడిరాజుకి అది చాలింది. ఆ సాయంత్రమే, వీడియో ఎంతవరకూ వచ్చిందో చూద్దామని సూరన్నగారు వచ్చి కూర్చున్న వేళ, ఆయన ఎదుటే అరిచాడు.

"ఆ పువ్వులెవరు ఎక్కించమన్నారు నిన్ను? నీ పెన్‌డ్రైవులో వైరసే నా మిషన్ని తినేసింది! పదకొండేళ్ళు నమ్మినందుకు బాగానే చేశావ్!"

"అది పెట్టకముందు కూడా ఓసారి ఆగిందండి..." అంది మంగవేణి.

"ఇంకా నోరా? రేపట్నుంచి రావద్దు. ఎవరి కొంప ముంచుతావో ముంచుకో, ఫో."

సూరన్నగారు ఆవిడ వంక చూసి, చూపు తిప్పుకున్నారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, టిఫిన్ బాక్సు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది. తునిలో మిక్సింగ్ చేసేచోట్లు నాలుగే. వైరస్ ఎక్కించిన మనిషని పేరొస్తే ఆవిడని ఎవరు గడప తొక్కనిస్తారు?

మర్నాడు మెకానిక్ వచ్చి, వచ్చీ రాగానే, "ఫార్మాట్ కొట్టేద్దామండి, దెబ్బకి పోద్ది" అన్నాడు. మన ఊళ్ళలో కంప్యూటరుకి ఏ జబ్బొచ్చినా మందు అదే. కొట్టాడు. పువ్వులు పీకేశారు. మెమరీ మార్చారు. నేను మళ్ళీ తలంబ్రాల దగ్గర ఆరిపోయాను. పువ్వుల తప్పు లేదని పైడిరాజుకి అప్పుడే తెలిసింది. అయినా ఫోను చేతిలోకి తీసుకుని, తీసుకున్నట్టే జేబులో పెట్టేశాడు.

సింహాచలమ్మగారు మాత్రం తేల్చేశారు. "దిష్టిరా నాయనా. తలంబ్రాల దగ్గర ఎన్ని కళ్ళు పడతాయో! అందుకే అక్కడే ఆగుతుంది." ఆ రోజు నుంచి సాంబ్రాణి రెండు పూటలా. గోరుచుట్టు మీద రోకటిపోటు!

శనివారం పొద్దున మంగవేణి వచ్చింది, తాళంచెవి ఇచ్చేసి బాక్సు పట్టుకెళ్ళడానికి. అప్పుడు పైడిరాజు, తల్లి చూస్తుండగా మళ్ళీ రెండరింగ్ నడుస్తోంది. నా ఫ్యాను గోలుగోలున ఏడుస్తోంది. "పాపం, బాగా కష్టపడుతోంది" అని అందరూ మురిసే చప్పుడే అది. ఆవిడ గుమ్మంలో ఆగి విన్నది. వచ్చి ముఖమల్ తొడుగు పైకెత్తి, పిల్లలకి జ్వరం చూసినట్టు నా మీద చెయ్యి పెట్టి, చటుక్కున లాక్కుంది.

"అమ్మో! పెనంలా ఉందేంటండీ ఇది!"

ఆపేసి, పక్క రేకు విప్పి, పాత టూత్‌బ్రష్షుతో, రంగులేసే కుంచెతో పేపరు మీదకి దులిపింది. నల్లగా, కుంకుమ జీరలతో, గుప్పెడు ముద్ద రాలింది. గదంతా సాంబ్రాణి వాసన. నా లోపలి మురికి అందరూ చూశారు. రేకు విప్పితే ఎంత సిగ్గో నాకు అప్పుడే తెలిసింది. టేబుల్ ఫ్యాను తెచ్చి నా వైపు తిప్పి మళ్ళీ నడిపింది. తలంబ్రాలు దాటాను. అప్పగింతలు దాటాను. మధ్యాహ్నానికి పెళ్ళి పూర్తయింది.

"చూశావా, నా ధూపమే దిష్టి తీసింది!" అన్నారు సింహాచలమ్మగారు, చేతిలో ధూపం గిన్నెతో.

"అసలు ఏమైందంటావ్?" అన్నాడు పైడిరాజు నేల చూపులు చూస్తూ.

మంగవేణి పెద్దావిడ వంక ఒకసారి చూసింది. "దుమ్మండి. పూజ చేసిన మిషన్ కదా, తొడుగు తియ్యకూడదేమోనని నేనే తుడవడం మానేశానండి. నాదే పొరపాటు."

పైడిరాజు పేపరు మీది ముద్ద చిటికెడు తీసి నలిపి, వాసన చూశాడు. తల్లి వైపు చూడలేదు. కాసేపటికి సూరన్నగారు వీడియోకి వచ్చినప్పుడు, అడక్కుండానే అన్నాడు. "ఆ రోజు మీ ఎదురుగా మంగవేణిని అన్నానండి. ఆవిడ తప్పేం లేదు. వైరసూ లేదు, ఏమీ లేదు. గుడ్డిగా అరిచింది నేను. ఈ పెళ్ళి మీ చేతికొచ్చిందంటే ఆవిడ వల్లే." చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట పూర్తి చేశాడు.

పెద్దావిడ మూల నుంచి అంతా విన్నారు. పేపరు మీది ముద్ద ఇంకా అక్కడే ఉంది, వాసనా ఉంది. సాయంత్రం ధూపం గిన్నె గుమ్మం బయటే దించేసి, "ఇక్కడిదాకా అయితే ఫరవాలేదా అమ్మా?" అని మంగవేణిని అడిగారు. రెండు రోజుల తర్వాత నా ముఖమల్ తొడుగు దిండై వచ్చి మంగవేణి కుర్చీలో పడింది. చెమ్కీలు గుచ్చుకోకుండా అన్నీ ఊడదీసేశారు.

అలా ముగ్గురూ తమ తమ తప్పు ఏదో ఒక రకంగా కడుక్కున్నారు. నేనే మిగిలాను. పక్క రేకు ఇప్పుడు తీసే ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది. అయినా ఆ మంగళవారం నాలోంచి పోదు. ఆవిడ సూరన్నగారి ఎదుట కొంగుతో మొహం తుడుచుకుంటున్నప్పుడు, అప్పుడే ఆరిపోయిన నేను బల్ల కింద నెమ్మదిగా చల్లబడుతున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఎంతో హాయిగా ఉంది.